వాగు ఒడ్డున తెల్లవారే వరకు

నర్సింగ్ సూపరింటెండెంట్ కలం నుండి



వానాకాలంలో మన ఓ.పి. వరండాలో ఎవరైనా "వాగు వచ్చింది సిస్టర్, అందుకే ఆలస్యమైంది" అన్నప్పుడల్లా నాకు ఒక రాత్రి జ్ఞాపకం వస్తుంది. అది 2005 అక్టోబరు 28వ తేదీ, శుక్రవారం రాత్రి. ఆ రాత్రి గురించి సంఘంలో ఒకసారి సాక్ష్యం చెప్పాను గాని, సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది. ఆ రాత్రి నేర్చుకున్న పాఠం ఈనాటికీ మన వార్డులలో ప్రతి వారం అవసరమవుతోంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఫోను వచ్చింది

అప్పుడు నేను కాన్పుల వార్డులో సిస్టర్‌ని. ఆ రోజంతా వాన. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఒంగోలు వైపు తీరం దాటుతోందని రేడియోలో చెబుతున్నారు. కరువు చూసి చూసి అలసిపోయిన మన మెట్ట ప్రాంతానికి వాన అంటే వరమే. కాని అది చెరువులు పట్టుకోగలిగిన వాన కాదు.

రాత్రి ఏడున్నరకు ఫోను మోగింది. దేవరకొండ వైపు ఒక పల్లెలో సేవ చేస్తున్న పాస్టరుగారు తడుస్తూ మోపెడ్ మీద మండల కేంద్రంలోని ఎస్.టి.డి. బూత్‌కు వచ్చి చేశారు. "సిస్టరమ్మా, మా ఊళ్ళో ఒకామెకు సాయంత్రం అయిదు గంటలకు ఇంట్లోనే కాన్పయింది. బాబు బాగున్నాడు. మాయ మాత్రం పడలేదు. రక్తం కొద్దికొద్దిగా పోతూనే ఉంది. ఈ వానలో ఒక్క బండివాడూ రానంటున్నాడు."

108 అంబులెన్సు సేవ ఆ సంవత్సరం ఆగస్టు 15నే హైదరాబాదులో మొదలైంది. మా పల్లెలకు ఇంకా రాలేదు. డాక్టరమ్మ ఆపరేషన్ థియేటరులో మరొక తల్లి దగ్గర ఉన్నారు. తలుపు దగ్గరికి వచ్చి, ఏమేమి తీసుకెళ్ళాలో, ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పి నన్ను పంపారు. సెలైన్ సీసాలు, సూదులు, గ్లవ్స్, మూత్రపు గొట్టం, బి.పి. మిషను, రెండు దుప్పట్లు, ఒక టార్చిలైటు తీసుకున్నాను. గర్భసంచిని బిగపట్టించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్లను ఐస్ ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకున్నాను. వేడికి దాని శక్తి తగ్గిపోతుంది.

మా డ్రైవరన్న జీపు తీశాడు. దారిలో ఒక వాగు ఉంది. దాని మీద లో లెవల్ బ్రిడ్జి. మేము వెళ్ళేటప్పుడు దాని మీద నీళ్ళు మడమల లోతే ఉన్నాయి. ప్రార్థన చేసుకుంటూ దాటాం.

నా నోటి తొందర

ఆ ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. కిరసనాయిలు దీపం వెలుగులో ఆ అమ్మాయి చాప మీద పడుకొని ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. నాడి నిమిషానికి 130 కొట్టుకుంటోంది. బి.పి. 80 మీద 50. మంత్రసాని ఒక మూల కూర్చుంది. అత్తగారు కోడలి తల దగ్గర కూర్చొని చేయి పట్టుకొని ఉంది.

సెలైన్ ఎక్కిస్తూ నేను ఆ పెద్దామె మీద విరుచుకుపడ్డాను. "ఇన్ని గంటలు ఏం చేస్తున్నారు? ఇప్పుడా కబురు చేసేది? ఈ పిల్ల చచ్చిపోతే ఎవరిది పూచీ?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆక్సిటోసిన్ ఇచ్చి, ఆ అమ్మాయిని దుప్పట్లలో చుట్టి, జీపులోకి ఎక్కించాం. భర్త, పసిబిడ్డను ఎత్తుకున్న అత్తగారు మా వెంట వచ్చారు. పాస్టరుగారు ఇంటి ముందు నిలబడి ప్రార్థన చేసి పంపారు.

పదకొండు గంటలకు వాగు దగ్గరికి వచ్చాం. బ్రిడ్జి కనబడలేదు. దాని అంచున పాతిన రాళ్ళలో మా వైపు ఉన్న మూడు మాత్రమే తలలు పైకి పెట్టి ఉన్నాయి. ఆ తర్వాత అంతా చీకటి, నీళ్ళ హోరు.

"దాటొద్దు బిడ్డా"

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. దాటుదామన్నది నేనే.

డ్రైవరన్న అయిదు నిమిషాలు చూసి, "ఫస్ట్ గేర్ల పోనిస్తే దాటొచ్చు సిస్టర్, మీ ఇష్టం" అన్నాడు. భర్త కూడా "పోదాం అక్కా" అన్నాడు. నా లెక్క నాకుంది. మాయ పడని తల్లి, ఆగని రక్తం, అవతల ముప్పై కిలోమీటర్ల దూరంలో ఆసుపత్రి. దేవుని పని మీద వచ్చాం, దేవుడే దాటిస్తాడు అనుకున్నాను. విశ్వాసమంటే ముందుకు దూకడమే అనుకునే వయసు. "దేవుని పేరు మీద పోనివ్వన్నా" అన్నాను.

అప్పుడు వెనకనుండి ఆ పెద్దామె గట్టిగా అంది. "దాటొద్దు బిడ్డా. వాగును నమ్మొద్దు. పొద్దుగాల సప్పుడు జేసిన నీళ్ళు ఇప్పుడు నడుమల సప్పుడు జేస్తలేవు. అడుగున కోసుకపోతుంది. నేను ఈ వాగు ఒడ్డుకే పుట్టిన."

నాకు చిరాకు వచ్చింది. కోడలికి మూడు గంటలు ఆలస్యం చేసిన మనిషి ఇప్పుడు మళ్ళీ ఆగమంటోంది అనుకున్నాను. కాని డ్రైవరన్న ఆమె మాట విన్నాడు. జీపును వెనక్కి తీసి, ఎత్తైన చోట ఒక వేపచెట్టు దగ్గర ఆపి, ఇంజను ఆర్పేశాడు.

ఆ చీకట్లో నాకు కలిగిన భయాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఒక్క మాట రాలేదు. అప్పుడు డాక్టరమ్మ థియేటరు తలుపు దగ్గర చెప్పిన మాటలు ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చాయి. మూత్రసంచి నిండి ఉంటే మాయ దిగదు. ముందు దాన్ని ఖాళీ చేయాలి. జీపు వెనుక సీటులో, అత్తగారు టార్చి పట్టుకొని ఉండగా మూత్రపు గొట్టం వేశాను. బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించాం. బిడ్డ చీకితే తల్లి ఒంట్లోనే గర్భసంచిని బిగించే హార్మోను పుడుతుంది. ఇరవై నిమిషాలకు గర్భసంచి చేతి కింద గట్టిపడింది. పొత్తికడుపు మీద ఒక చేయి అడ్డంగా ఆనించి, శిక్షణలో నేర్చుకున్నట్టు నెమ్మదిగా పట్టగా మాయ బయటకు వచ్చింది. టార్చి వెలుగులో తిప్పి చూశాను. ముక్క ఏదీ లోపల మిగలలేదు.

అంతటితో అయిపోలేదు. గర్భసంచి మళ్ళీ మెత్తబడితే మళ్ళీ రక్తం పోతుంది. అందుకని పొత్తికడుపు మీద చేయి వేసి, అది కొబ్బరికాయలా గట్టిగా ఉండేలా రుద్దుతూ కూర్చోవాలి. పావుగంటకు ఒకసారి నాడి చూడాలి. ఆ రాత్రి నేను చేసిన పని అంతే. రుద్దడం, నాడి లెక్కపెట్టడం, బట్ట తీసి చూడడం, మళ్ళీ రుద్దడం. డ్రైవరన్న అరగంటకు ఒకసారి దిగి, టార్చి వేసి రాళ్ళను లెక్కపెట్టి వచ్చేవాడు. "మూడే ఉన్నయి." "రెండే కనబడుతున్నయి." చాలాసేపటికి "మళ్ళ మూడు" అన్నాడు.

ఒంటిగంట దాటాక నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థన కాబట్టి నేను పొద్దుటినుండి ఏమీ తినలేదు. పెద్దామె అది గమనించింది. కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టె, కారప్పొడి నా ముందు పెట్టింది. ఉపవాసమని చెప్పాను. "తిను బిడ్డా. చేతుల సత్తువ లేకుంటే నా కోడల్ని ఎట్ల కాపాడుతవ్?" అంది. ఆమె మన సంఘస్థురాలు కాదు. అయినా ఆ రాత్రి ప్రభువు నాతో ఆమె నోటిద్వారానే మాట్లాడాడని నా నమ్మకం. తిన్నాను.

రొట్టె తింటూ ఉండగా ఆమె తనంతట తానే చెప్పింది. అయిదేండ్ల క్రితం ఆమె సొంత కూతురికి కాన్పు కష్టమైతే ఒక దవాఖానకు తీసుకుపోయారట. అక్కడినుండి ఇంకొక చోటికి పంపారట. పంపిన చోట, ఇప్పుడా తెచ్చేది అని తిట్టారట. మూడో చోటికి పోతుంటే దారిలోనే కూతురు ప్రాణం పోయింది. "కదిలిస్తే ఈ పిల్ల కూడ దారిలనే పోతదేమోనని భయమయింది సిస్టరమ్మా. గందుకే ఆగిన" అంది.

సాయంత్రం నేను ఆమెను తిట్టిన మాటలు, ఆనాడు అక్కడివాళ్ళు తిట్టిన మాటలు ఒక్కటే. "నన్ను క్షమించు అవ్వా" అన్నాను. "నువ్వేం జేస్తివి బిడ్డా, నెత్తురు చూసి గాబరయితివి" అంది.

తెల్లవారిన తర్వాత

వెలుతురు వచ్చి నీళ్ళు తగ్గాక చూస్తే, బ్రిడ్జి మధ్యలో జీపు పొడవున్న ముక్క లేదు. కొట్టుకుపోయింది. రాత్రి ఫస్ట్ గేరులో వెళ్ళి ఉంటే అయిదుగురు పెద్దలం, ఒక రాత్రి వయసున్న బిడ్డ అందులోకే పోయేవాళ్ళం.

పైభాగాన వాగు వెడల్పై పారే చోటు ఆ పెద్దామెకు తెలుసు. అవతలి పల్లె మనుషులు తాడు తెచ్చి, మోకాళ్ళ లోతు నీళ్ళలో, నులక మంచం మీద తల్లిని భుజాలకెత్తుకొని దాటించారు. అక్కడినుండి రోడ్డు దాకా ట్రాక్టరు, రోడ్డు మీద కూరగాయల డి.సి.ఎం. వ్యాను. తొమ్మిది గంటలకు ఆసుపత్రికి చేరాం. ఆమెకు హిమోగ్లోబిన్ 5 గ్రాములే ఉంది. మా నర్సింగ్ విద్యార్థిని ఒకామె, మన సంఘ యువకుడు ఒకరు రక్తం ఇచ్చారు. ఆ తల్లి బ్రతికింది.

మధ్యాహ్నం వార్డులో రేడియో వార్తలు విన్నాం. అదే తెల్లవారుజామున, మన నల్లగొండ జిల్లాలోనే, వలిగొండ దగ్గర రేపల్లె నుండి సికింద్రాబాదు వెళ్ళే డెల్టా ప్యాసింజరు వాగులో పడింది. ఎగువన చెరువు కట్ట తెగి, ఆ వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ సంగతి తెలియక వచ్చిన రైలు నీళ్ళలోకి పోయింది. వందమందికి పైగా చనిపోయారు. మా బ్రిడ్జిని కోసిన వానే ఆ వంతెననూ కోసింది. మేము జీపులో కూర్చొని తెల్లవారడం కోసం ఎదురుచూస్తున్న సమయంలో, ఆ రైలులో నిద్రపోతున్నవారికి తెల్లవారలేదు.

నేను చెప్పలేకపోయిన మాట

రెండు వారాల తర్వాత ఆరాధనలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. "మేము విశ్వాసముంచాము గనుక దేవుడు మమ్మల్ని తప్పించాడు" అని ముగించాలని రాసుకున్నాను. లేచి నిలబడి చూస్తే, స్త్రీల వైపు మూడో వరుసలో, ఆ రైలులో ఇంటిమనిషిని పోగొట్టుకున్న ఒక సహోదరి కూర్చొని ఉంది. ఆమె కూడా ప్రార్థించే మనిషే. ఆమె ఇంటిమనిషి కూడా ప్రార్థించే రైలెక్కి ఉంటాడు.

ఆ మాట నా నోటికి రాలేదు. "దేవునికి స్తోత్రము" అని కూర్చున్నాను.

ప్రియులారా, ఈ రెండు దశాబ్దాలలో నేను తెలుసుకున్నది ఇది. విశ్వాసం మనం క్షేమంగా చేరడానికి ముందుగా కొనుక్కునే టికెట్టు కాదు. బ్రతికినవారి విశ్వాసం పెద్దదనీ, చనిపోయినవారిది చిన్నదనీ లెక్కకట్టడం మన పని కాదు. నా వార్డులో గట్టి విశ్వాసులు చనిపోవడం చూశాను. దేవుణ్ణి ఎరుగనివారు నవ్వుతూ ఇంటికి వెళ్ళడం చూశాను. ఎందుకో నాకు తెలియదు. ఆ సహోదరి దగ్గరికి ఆ తర్వాత వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. నా దగ్గర జవాబేమీ లేదు. ఆమె అడగనూ లేదు. కాసేపటికి నా చేయి పట్టుకుంది.

పౌలుగారి ఓడ

భయంకరమైన ప్రయాణం గురించి పరిశుద్ధ గ్రంథంలో చదవాలంటే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయండి. ఆ రాత్రి తర్వాత నేను దానిని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఒక నర్సుగా చదివితే అందులో నాకు నాలుగు సంగతులు కనబడ్డాయి.

మొదటిది, మంచిరేవులు అనే చోట, ఇప్పుడు బయలుదేరితే నష్టమని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఆయన మాటకంటే ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట ఎక్కువ నమ్మాడు. వాగు తెలిసిన మనిషి చెప్పిన మాటను ఆ రాత్రి నేనూ అలాగే తోసిపుచ్చబోయాను.

రెండవది, పద్నాలుగో రాత్రి ఓడవారు నీటి లోతు కొలిచారు. ఇరవై బారలు వచ్చింది. కొంచెం ముందుకు పోయి మళ్ళీ కొలిస్తే పదిహేను. అప్పుడు నాలుగు లంగరులు వేసి తెల్లవారడం కోసం ఎదురుచూశారు. కొలవడం, లంగరు వేయడం, ఎదురుచూడడం వారి ఓపికలోని భాగాలే. మా డ్రైవరన్న లెక్కపెట్టిన రాళ్ళు, నేను లెక్కపెట్టిన నాడి అలాంటివే.

మూడవది, ఎంతో కాలంగా ఏమీ తినని ఆ మనుషులను పౌలు బ్రతిమాలి తినిపించాడు. రొట్టె పట్టుకొని అందరి ముందు దేవునికి కృతజ్ఞతలు చెప్పి తానే ముందు తిన్నాడు. దేవుని దూత మాట విన్న మనిషి కూడా శరీరానికి కావలసినది మరచిపోలేదు. జొన్నరొట్టె పెట్టిన ఆ పెద్దామె ఆ అధ్యాయం చదవలేదు గాని, అదే పని చేసింది.

నాలుగవది, కొందరు నావికులు పడవ దించుకొని తప్పించుకుపోబోతే, వారు ఓడలో ఉండకపోతే మిగతావారు తప్పించుకోలేరని పౌలు చెప్పాడు. పని తెలిసినవాడు తోడు ఉండాలి. చివరికి ఓడ బ్రద్దలైంది గాని, అందులోని 276 మంది ఒడ్డు చేరారు. కొందరు ఈది, కొందరు చెక్కలు పట్టుకొని.

ఓపిక వేరు, ఆలస్యం వేరు

ఇప్పుడు ఈ పత్రిక చదివే ప్రతి కుటుంబానికి నేను చెప్పదలచిన అసలు మాట. మన ప్రాంతంలో ఓపిక అనే మంచి మాట వెనుక ఆలస్యం దాక్కుంటుంది. "కొంచెం ఓపిక పట్టు, తెల్లారి చూద్దాం" అంటాం. దానికి ప్రార్థన కూడా జోడిస్తాం. గ్రంథం చెప్పే దీర్ఘశాంతము అది కాదు. ఇంట్లో కూర్చొని రక్తం పోనివ్వడం ఆలస్యం. దాటలేని వాగు దగ్గర ఆగి, చేయి తీయకుండా పని చేయడం ఓపిక. ఆ రాత్రి నేను రెండింటినీ కలిపేశాను. ఓపిక పట్టవలసిన చోట తొందరపడ్డాను. నాకంటే ఆ పెద్దామెకే ఆ తేడా ఎక్కువ తెలిసింది. సాయంత్రం ఆమెను ఆపింది భయం. రాత్రి ఆమె మమ్మల్ని ఆపింది అనుభవంతో.

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలను పరిశీలించి మూడు ఆలస్యాలు చెప్పారు. బయలుదేరాలని నిర్ణయించడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరిన తర్వాత చికిత్స అందడంలో ఆలస్యం. ఈ మూడూ మన జిల్లాలకు కొత్త కాదు. మిషన్ వైద్యం మొదలైన రోజులలో రోగులు కచ్చరం బండ్లలో వచ్చేవారు. 1907లో మన దేశానికి వచ్చి, 1945లో చనిపోయే వరకు ఈ తెలుగు నేల మీద సేవ చేసిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ వంటివారి కాలంలో దారిలో ఆలస్యాన్ని ఎవరూ తప్పించలేకపోయారు. ఈనాడు 108 ఉంది, రోడ్లున్నాయి, చేతిలో ఫోనుంది. మొదటి ఆలస్యం మాత్రం ఇప్పటికీ మన ఇంట్లోనే ఉంది.

కాన్పు తర్వాత రక్తస్రావం మొదలై, చికిత్స అందకపోతే సుమారు రెండు గంటలలోనే ప్రాణం పోవచ్చు. మా రోగికి రక్తం కొద్దికొద్దిగా పోవడం వల్లనే మాకు సమయం దొరికింది. ట్రానెక్సామిక్ ఆసిడ్ అనే ఇంజెక్షన్‌ను 20,000 మంది తల్లులకు పైగా పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. రక్తస్రావం మొదలైన మూడు గంటలలోపు ఇస్తేనే అది మేలు చేస్తుంది. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికి ఆ మేలు సుమారు 10 శాతం తగ్గిపోతుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆసుపత్రులలో జరిగిన మరొక పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. కాన్పు కాగానే రక్తాన్ని కొలిచే సంచి పెట్టి, ఎక్కువ పోతోందని తెలిసిన వెంటనే అన్ని చికిత్సలూ ఒకేసారి మొదలుపెడితే, తీవ్రమైన ప్రమాదాలు 60 శాతం తగ్గాయి. కొత్త మందేమీ లేదు. ముందుగా చూడడం, ఆలస్యం చేయకపోవడం, అంతే.

ఇంట్లో గోడకు అతికించుకోండి

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారే వరకు ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

1. గర్భిణికి ఏ నెలలోనైనా రక్తం కనబడడం.

2. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, మొహం, చేతులు వాయడం, ఫిట్స్.

3. ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం.

4. బిడ్డ పుట్టి అరగంటైనా మాయ పడకపోవడం. ఇంట్లో ఎవరూ బొడ్డుతాడును లాగకూడదు. లాగితే తెగవచ్చు, గర్భసంచి బయటకు రావచ్చు.

5. కాన్పు తర్వాత బట్టలు వెంటవెంటనే తడిసిపోవడం, కళ్ళు తిరగడం, ఒళ్ళు చల్లబడడం.

6. బాలింతకు జ్వరం, వాసనతో కూడిన మైల.

బండి వచ్చేలోపు తల్లిని వెచ్చగా కప్పి పడుకోబెట్టండి. మూత్రం పోయించండి. బిడ్డను రొమ్ముకు పట్టించండి. మాయ పడిన తర్వాత రక్తం ఎక్కువగా పోతుంటే బొడ్డు కింద గర్భసంచిని గట్టిపడే వరకు రుద్దండి.

ఇక ముందుగానే చేయవలసినవి. మన రాష్ట్రంలో స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువున్న తల్లి కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు. కాబట్టి ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోండి. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, ఎవరు వెంట వస్తారో, రక్తం ఎవరిస్తారో ఏడో నెలలోనే మాట్లాడుకోండి. వాగు అవతల ఉన్న ఊరైతే, వానాకాలంలో తారీఖుకు వారం ముందే ఇవతలికి వచ్చి బంధువుల ఇంట్లో ఉండండి.

వాగు పారుతుంటే దాటకండి. అరడుగు లోతు ప్రవాహం మనిషిని పడేస్తుంది. రెండడుగుల ప్రవాహం జీపులను కూడా తేల్చి తీసుకుపోతుంది. నీళ్ళ కింద రోడ్డు ఉందో లేదో పైకి తెలియదు. ఫోను చేసి అవతలి వైపుకు మరో బండిని పిలిపించండి. ఆ వాగును ఎరిగిన పెద్దవాళ్ళ మాట వినండి.

మా కొరకు ఒక మాట

ఈ పాఠం రోగులకు మాత్రమే కాదు. మా నర్సింగ్ విద్యార్థినులకు ప్రతి సంవత్సరం మొదటి వారంలో ఇది చెబుతాను. ఆలస్యంగా వచ్చిన రోగిని, వెంట వచ్చినవారిని ఎప్పుడూ తిట్టవద్దు. ఈరోజు మనం తిట్టిన తిట్టు అయిదేండ్ల తర్వాత మరొక తల్లిని ఇంట్లోనే ఆపేస్తుంది. ముందు సూది వేయండి, సెలైన్ పెట్టండి. ఆ తర్వాత, ఎందుకు ఆలస్యమైందో కూర్చొని వినండి. మన వార్డులో ఎవరైనా మీ మీద కేకలు వేస్తే దయచేసి నా గదికి వచ్చి చెప్పండి. మా తప్పును దిద్దుకుంటాం.

ఆ రాత్రి పుట్టిన బాబుకు ఇప్పుడు ఇరవై ఏండ్లు దాటాయి. తల్లి ఆరోగ్యంగా ఉంది. ఆ పెద్దామె బ్రతికినన్నాళ్ళూ ప్రతి అక్టోబరులో ఒక గంపెడు సీతాఫలాలు తెచ్చి మా డ్యూటీ గదిలో పెట్టి పోయేది. "బిడ్డా, తింటున్నవా లేదా?" అని అడిగేది. కొన్నేండ్ల క్రితం ఆమె ఇంట్లోనే, మనవడి చేయి పట్టుకొని కన్నుమూసింది. ఇప్పుడు సీతాఫలాలు ఆ మనవడు తెస్తున్నాడు.

ఈ రోజు మీలో కొందరు ఏదో ఒక వాగు ఒడ్డున ఉన్నారు. రిపోర్టు కోసమో, ఆపరేషన్ తారీఖు కోసమో, ఐ.సి.యు. తలుపు తెరుచుకోవడం కోసమో ఎదురుచూస్తున్నారు. అవతల ఏముందో నేను చెప్పలేను. ఈ గంటలో చేయగలిగిన పని చేయండి. కొంచెం తినండి. తెలిసినవారి మాట వినండి. చేయి పట్టుకోవడానికి మేము ఉన్నాం.

ప్రార్థన: ప్రభువా, ఆగవలసిన చోట ఆగే ఓర్పును, కదలవలసిన చోట కదిలే ధైర్యాన్ని మాకు దయచేయుము. ఒడ్డు చేరినవారి సంతోషంలోను, చేరని వారి ఇంటివారి దుఃఖంలోను మేము తోడుగా ఉండేటట్లు మాకు సహాయం చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.